చేతకాక కాదు, సైబరాబాదూ

కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో కూర్చుని రాముణ్ణి నిలదీశాడు. ఎవరికి ఏ నగ చేయించాడో, దానికెంత ఖర్చయిందో లెక్కలు చెప్పి మరీ అడిగాడు. కృష్ణా తీరాన శ్రీకాకుళంలో కాసుల పురుషోత్తమకవి ఆంధ్రనాయకుణ్ణీ, సింహాచలంలో గోగులపాటి కూర్మనాథకవి నరసింహస్వామినీ ఇలాగే పొగుడుతూ దెప్పారు, దెప్పుతూ పొగిడారు. వాళ్ల పొగడ్తా మనస్ఫూర్తిగా చేసిందే, నిందా మనస్ఫూర్తిగా చేసిందే. శక్తి లేనివాణ్ణి నిందించి ప్రయోజనం లేదు. చేయగలిగి చేయనివాణ్ణే అడగాలి.

అదే గోల్కొండ కోట ఎక్కి పడమటి వైపు చూస్తే ఇప్పుడు నువ్వు కనిపిస్తావు, సైబరాబాదూ. నీతో నాకూ అలాంటి పనే పడింది.

ముందు నీ గొప్ప చెబుతాను. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభించిన నాడు దాని చుట్టూ ఉన్నవి ఎక్కువగా రాళ్లగుట్టలే. పాతికేళ్లు తిరక్కుండా, 2022-23లో రాష్ట్ర ఐటీ ఎగుమతులు 2,41,275 కోట్ల రూపాయలకు చేరాయి. ఉద్యోగులు తొమ్మిది లక్షలు దాటారు. దుర్గం చెరువు మీద తీగల వంతెన కట్టావు. రాయదుర్గం దాకా మెట్రో తెచ్చుకున్నావు. 2023 ఆగస్టులో కోకాపేటలో నీ నేల ఎకరం వంద కోట్లు దాటి పలికింది. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్లలకి ఉద్యోగాలిచ్చావు. పొలం తప్ప మరేమీ ఎరగని వాళ్ల అమ్మానాన్నలకి పదో అంతస్తులో ఒక గది ఇచ్చావు. ఇందులో అతిశయోక్తి ఒక్కటీ లేదు. నా ఫిర్యాదు పుట్టింది కూడా ఈ నిజంలోంచే.

మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు ఉండే హోం ఒకటి చెడిపోయిందనుకో. నడిపేవాళ్లు కొట్టొచ్చు, డబ్బు తినేయొచ్చు, అప్పులపాలై చేతులెత్తేయొచ్చు. స్థాపించిన పెద్దాయన కాలం చేశాక వారసులు స్థలం అమ్ముకుందామనుకోవచ్చు. అప్పుడు హోంలో ఉన్నవాళ్లని ఉన్నచోటే ఉంచి, నడిపేవాళ్లని తప్పించి, వాళ్ల స్థానంలో ఒక బాధ్యుణ్ణి కూర్చోబెట్టాలి. కోర్టు అలా కూర్చోబెట్టే మనిషిని రిసీవర్ అంటారు. వికలాంగుల హోంల కోసం రాసిన చట్టంలో ఆ ఏర్పాటు లేదు. ఇది కష్టమైన పనేమీ కాదనడానికి సాక్ష్యం కోసం నేను ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. సాక్ష్యం నీ చరిత్రలోనే ఉంది.

2009 జనవరి 7, బుధవారం. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం బయటికొచ్చింది. ఖాతాల్లో చూపించిన డబ్బులో ఐదు వేల కోట్లకు పైగా అసలు లేనే లేదని ఆయనే ఒప్పుకున్నారు. కంపెనీలో 53 వేల మంది ఉద్యోగులు. వాళ్ల మీద ఆధారపడిన ఇళ్లు, ఆ ఇళ్ల మీద బ్యాంకు అప్పులు, విదేశాల్లో ఖాతాదారులు. ఆ వారం నీ వీధుల్లో ఎవరి మొహాన చూసినా ఒకటే ప్రశ్న, జీతం పడుతుందా అని.

నువ్వు కంపెనీకి తాళం వేయలేదు. 9వ తేదీన కంపెనీ లా బోర్డు పాత డైరెక్టర్లను పక్కన పెట్టింది. 11న, ఆదివారమని కూడా చూడకుండా, కేంద్ర ప్రభుత్వం దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను నియమించింది. అదే వారంలో మరో ముగ్గురిని చేర్చింది. ఫిబ్రవరిలో ఏఎస్ మూర్తిని సీఈఓ చేశారు. బయటి నుంచి తెచ్చిన మనిషి కాదు, ఏళ్ల తరబడి అక్కడే పనిచేసినవారు. ఏప్రిల్ 13న టెక్ మహీంద్రా వేలంలో కంపెనీని దక్కించుకుంది. ఉత్తరం బయటపడ్డ నాటి నుంచి లెక్కేస్తే సరిగ్గా నూరు రోజులు కూడా కాలేదు. తప్పు చేసినవాళ్ల మీద కేసు ఒక దారిన నడిచింది, తప్పు చేయనివాళ్ల బతుకు మరో దారిన సాగింది. రాజు కుటుంబం చలవతోనే 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు కూడా ఆగలేదు. దాని నిర్వహణని జీవీకే సంస్థ తీసుకుంది.

నడిపేవాళ్లు వేరు, సంస్థ వేరు, అందులో ఉన్న మనుషులు వేరు అని నువ్వు నాలుగే రోజుల్లో తేల్చి చెప్పావు. ఇంత స్పష్టంగా ఆలోచించగల ఊరిని పొగడకుండా ఎలా ఉండను?

నేల విషయంలో నీ ఓపిక ఇంకా గొప్పది. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ 40వ ఆర్డర్‌లో రిసీవర్ సంగతంతా ఉంది. న్యాయంగా, అనువుగా ఉంటుందని తోస్తే కోర్టు ఏ ఆస్తికైనా రిసీవర్ని పెట్టవచ్చు. ఆ రిసీవర్ జామీను కట్టాలి, లెక్కలు ఒప్పజెప్పాలి. తన బుద్ధిపూర్వకమైన తప్పు వల్లో, ఘోరమైన నిర్లక్ష్యం వల్లో ఆస్తికి నష్టం వస్తే తన జేబులోంచి కట్టాలి. నీ పొలిమేరలోని హైదర్‌నగర్ భూములు ఈ కథంతా చూశాయి. ‘పైగా’ నవాబుల వంశానికి చెందిన వారసుల మధ్య 1955లో మొదలైన దావా 1958లో హైకోర్టుకి చేరి సి.ఎస్. 14/1958 అయింది. 1963లో ప్రిలిమినరీ డిక్రీ వచ్చింది. రిసీవర్-కమ్-కమిషనర్లు వచ్చారు, వెళ్లారు. 2023లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పేనాటికి దావా వేసినవాళ్ల మనవల తరం నడుస్తోంది. తగాదా తేలేదాకా ఆస్తి దిక్కులేకుండా పడి ఉండకూడదన్న ఆలోచన మంచిది. దానికోసం తరాల తరబడి ఫైళ్లు మోసిన కోర్టుల పట్టుదలకి నమస్కారం.

దేవుడి విషయంలోనూ అంతే. ధర్మకర్త తప్పు చేస్తే దేవాదాయ శాఖ ఈవోని పంపుతుంది. చట్టం దృష్టిలో దేవుడు తన ఆస్తిని తాను చూసుకోలేని మైనర్. అందుకే ఆయన తరఫున ఎవరో ఒకరు ఉండి తీరాలి. ట్రస్టు బోర్డు రద్దయిన రోజున కూడా మధ్యాహ్న నైవేద్యం ఆగదు.

చెట్ల కోసం నువ్వు చేసింది అందరం టీవీల్లో చూశాం. 2025 ఏప్రిల్ 3న కంచ గచ్చిబౌలి 400 ఎకరాల్లో చెట్లు కొట్టేస్తున్నారని సుప్రీంకోర్టు దృష్టికి వచ్చింది. వెంటనే వెళ్లి చూసి, ఆ మధ్యాహ్నం మూడున్నరకల్లా నివేదిక ఇవ్వమని తెలంగాణ హైకోర్టు జ్యుడీషియల్ రిజిస్ట్రార్‌ని ఆదేశించింది. రిజిస్ట్రార్ వెళ్లారు, చూశారు, నివేదిక పంపారు. కోర్టు ఆ రోజే యంత్రాలు ఆపించింది. నెమళ్లకీ జింకలకీ నోరు లేదు. అయినా వాటి మొర పొద్దున మొదలుపెడితే సాయంత్రంలోగా ఢిల్లీ దాకా వినిపించింది. ఆ రోజు దేశమంతా కోర్టుని మెచ్చుకుంది, నేనూ మెచ్చుకున్నాను.

కంపెనీకి నాలుగు రోజులు, చెట్లకి ఒక పూట, నేలకి అరవై ఏళ్లు దాటిన ఓపిక. నీకు చేతకాక కాదు, సైబరాబాదూ.

ఇక హోం దగ్గరికి వద్దాం. నీ అంచుల్లోని కాలనీల్లో, అద్దె ఇళ్లలో ఇలాంటి హోంలు నడుస్తున్నాయి. ఏదో ఒక హోంకి సాయంత్రం అన్నం వేళకి వెళ్లి, గడపలో కాకుండా వంటింటి పక్కన నిలబడి చూడు. గోడకి మందుల పట్టిక అంటించి ఉంటుంది. పక్కన అరల డబ్బా, ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అని రాసి. ఫిట్స్ మందు పూట తప్పితే ఏమవుతుందో అక్కడి ఆయాకి డాక్టరు చెప్పక్కర్లేదు. ఒకతనికి పలుచటి నీళ్లు తాగితే పొలమారుతుంది, అందుకని గంజి చిక్కగా కాచి చెంచాతో పడుతుంది. ఒకమ్మాయి అంచు వంగిన ఆ స్టీలు గిన్నెలో పెడితేనే తింటుంది, కొత్త కంచం పెడితే తోసేస్తుంది. ఇంకొకతను కుక్కర్ కూత వినలేడు, విజిల్ వచ్చే ముందు అతన్ని పెరట్లోకి తీసుకెళ్లాలి. ముప్పయ్యేళ్ల మనిషి, మాట రాదు, కడుపు నొప్పి వస్తే మణికట్టు కొరుక్కుంటాడు. ఇవేవీ ఫైల్లో ఉండవు. ఫైల్లో ఉండేవి సదరం సర్టిఫికెట్, ఆధార్ నకలు, వైకల్యం శాతం. మిగతా మనిషంతా ఆ ఆయా తలలో ఉంటాడు.

హోం రిజిస్ట్రేషన్ రద్దయిందనుకో. అధికారులు వస్తారు, పంచనామా జరుగుతుంది. మంచాలెన్ని, బీరువాలెన్ని, గ్యాస్ బండలెన్ని అని రాసుకుంటారు. తలుపులకి సీలు పడుతుంది. మనుషుల్ని వ్యాన్ ఎక్కిస్తారు, ఫైళ్లని వాళ్ల ఒళ్లో పెడతారు. ఆయాని ఎక్కించరు. ఆమె సీలు వేసిన సంస్థ ఉద్యోగి కదా. కొత్త చోట గంజి పలుచగా ఉంటుంది. అంచు వంగిన గిన్నె ఉండదు. మణికట్టు కొరుక్కుంటే మొండితనమనుకుంటారు. తిండి మానేస్తే సహకరించడం లేదని రాస్తారు. రాత్రిళ్లు అరిస్తే నిద్రమాత్ర వేస్తారు. తప్పు చేసిన మేనేజర్‌కి బెయిలు దొరుకుతుంది. ఏ తప్పూ చేయని మనిషికి తెలిసిన ఇల్లు, తెలిసిన చేయి, తెలిసిన కిటికీ ఒకేరోజు పోతాయి. శిక్ష అతనికే పడింది.

ఇదంతా ఎవరి దుర్మార్గం వల్లో జరిగేది కాదు, చట్టం ప్రకారమే జరిగేది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం మంచి చట్టం, నిజంగా మంచి చట్టం. ఏడు రకాల వైకల్యాల నుంచి ఇరవై ఒకటికి పెంచింది. సమాజంలో అందరిలా బతికే హక్కు ఉందని, ఫలానా చోటే ఉండి తీరాలని ఎవరినీ నిర్బంధించకూడదని ఐదో సెక్షన్‌లోనే చెప్పింది. రిజిస్ట్రేషన్ లేకుండా హోం నడపకూడదంది. అయితే 52వ సెక్షన్ దగ్గరికి వచ్చేసరికి రిజిస్ట్రేషన్ రద్దయిన సంస్థ పనిచేయడం మానేయాలంది. అక్కడున్నవాళ్లని తల్లిదండ్రులకో, భర్తకో భార్యకో, సంరక్షకులకో అప్పగించమని, లేదా మరో సంస్థకి మార్చమని అధికారులు ఆదేశించవచ్చు. అంతకుమించి దారి చూపలేదు. సంస్థని నిలబెట్టి నడిపించే మాటే లేదు. రిజిస్ట్రేషన్ లేకుండా నడిపి మొదటిసారి దొరికితే జరిమానా పది వేల రూపాయలు మించదు. ఎకరం వంద కోట్లు పలికే నేల మీద ఆ జరిమానా ఎవరిని భయపెడుతుంది? ఇంకోటి, ప్రభుత్వం నడిపే హోంలకి ఈ రిజిస్ట్రేషన్ అధ్యాయమే వర్తించదని 54వ సెక్షన్ అంటుంది.

ఆ మినహాయింపు ఎలాంటిదో ఢిల్లీ రోహిణిలోని ఆశా కిరణ్ చూపించింది. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఢిల్లీ ప్రభుత్వమే నడిపే హోం అది. 2024 జులై ఒక్క నెలలోనే అక్కడ డజను మందికి పైగా చనిపోయారు. మన ఎర్రగడ్డలోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో 2025 జూన్‌లో ఆహారం వికటించి పదుల మంది అస్వస్థులయ్యారు, ఒకరు చనిపోయారు. ఎర్రగడ్డ నుంచి మూసాపేట దాటితే నీ పొలిమేరే.

చట్టసభకి ఈ ఆలోచన తట్టలేదనడానికి వీల్లేదు. అంతకు ఏడాది ముందే, 2015 బాలల న్యాయ చట్టంలో ఆ ఆలోచన ఉంది. పిల్లల హోం పునరావాసం విషయంలో విఫలమై దాని రిజిస్ట్రేషన్ రద్దయితే, మళ్లీ వచ్చేదాకా ఆ సంస్థని రాష్ట్ర ప్రభుత్వమే నడపాలని 41వ సెక్షన్ చెబుతుంది. ఎంత మంచి మాట! తప్పు చేసినవాళ్లు పోతారు, పిల్లలు ఉంటారు, ప్రభుత్వం వచ్చి నడుపుతుంది. ఆ పిల్లవాడికే మేధో వైకల్యం ఉండి, పద్దెనిమిది నిండి, పెద్దల హోంలోకి మారితే ఆ రక్షణ పోతుంది. అతని అవసరం ఏమాత్రం తగ్గలేదు, వయసు మాత్రం పెరిగింది. రాసిన వాక్యం కూడా ఎప్పుడూ అమలవుతుందనుకోకు. 2020 ఆగస్టులో నీ పొరుగునే, అమీన్‌పూర్‌లో, ఒక ప్రైవేటు అనాథాశ్రమంలో ఉండి వచ్చిన బాలిక లైంగిక దాడి కేసులో ప్రాణం కోల్పోయాక ఆ ఆశ్రమానికి తాళమే పడింది. మిగిలిన పిల్లలు వేరే చోట్లకి వెళ్లారు.

హోంలన్నీ దుర్మార్గుల చేతుల్లో ఉన్నాయని నేననను. చాలా హోంలని వైకల్యం ఉన్న బిడ్డని కన్న తల్లిదండ్రులే మొదలుపెట్టారు. సొంత బిడ్డతో పాటు మరో పదిమందిని చేరదీసి, ఉన్న ఇల్లు తాకట్టు పెట్టి, పండగ పూట కూడా కదలకుండా నడుపుకొచ్చారు. వాళ్లకి వయసు మీద పడుతోంది. వాళ్ల ఇళ్లలో రోజూ వినిపించే మాట ఒకటుంది, మా తర్వాత వీణ్ణి ఎవరు చూస్తారు అని. కొండాపూర్‌లో ఫ్లాట్ కొనుక్కున్న అక్కా ఇదే అడుగుతుంది, న్యూజెర్సీ నుంచి నెలనెలా తమ్ముడి ఫీజు పంపే అన్నా ఇదే అడుగుతాడు. తెలంగాణలో వికలాంగుల పింఛను 2023లో 4,016 రూపాయలయింది. అది ప్రైవేటు హోం ఫీజుకి ఏ మూలకీ రాదు. ఫీజు కట్టగలవాళ్లకీ నిశ్చింత లేదు. స్థాపకురాలికి గుండెపోటు వచ్చినా, ఇంటి ఓనరు ఖాళీ చేయమన్నా చాలు, ఆ హోం వారంలో చెదిరిపోతుంది. రిసీవర్ అవసరం నేరం జరిగినప్పుడే కాదు, మంచివాళ్లు అలసిపోయినప్పుడు కూడా.

బిడ్డకి చట్టబద్ధ సంరక్షకుణ్ణి పెట్టుకోవడానికి 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం దారి చూపింది. జిల్లాకొక స్థానిక కమిటీ, దానికి కలెక్టరు స్థాయి అధికారి పెద్ద. అందులో వైకల్యం ఉన్న వ్యక్తి ఒకరు సభ్యులుగా ఉండాలని కూడా రాశారు. ఇది మెచ్చుకోవలసిన ఏర్పాటే. మాదాపూర్‌లో ఉన్న తల్లి ఆ కాగితం కోసం రంగారెడ్డి కలెక్టరేట్ ఉన్న కొంగరకలాన్ దాకా వెళ్లాలి, ఒక్క క్షణం ఒంటరిగా వదలలేని కొడుకుని వెంటబెట్టుకుని. ఆ కాగితం దొరికినా అది ఒక మనిషికి సంరక్షకుణ్ణి ఇస్తుంది. పాతికమంది ఉన్న ఇంటికి సంరక్షకుణ్ణి ఇవ్వదు.

అమెరికాలో కోర్టులు ఈ పని యాభై ఏళ్ల కిందటే చేపట్టాయి. అలబామాలో 1970లో మొదలైన వయట్ కేసులో జడ్జి ఫ్రాంక్ జాన్సన్ మానసిక చికిత్సాలయాలకీ, మేధో వైకల్యం ఉన్నవాళ్ల సంస్థకీ 1972లో కనీస ప్రమాణాలు విధించారు. ఎంతమందికి ఎంతమంది సిబ్బంది ఉండాలో కూడా రాశారు. ఏళ్లు గడిచినా రాష్ట్రం పాటించకపోతే ఆ వ్యవస్థనంతా రిసీవర్ చేతికి అప్పగించారు. రిసీవర్ మరెవరో కాదు, ఆ రాష్ట్ర గవర్నరే. బాధ్యత ఎవరిదో ఊరంతా తెలిసేలా పేరు పెట్టి చెప్పినట్టయింది. అయినా ఆ కేసు 2003లో గానీ ముగియలేదు. న్యూయార్క్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ల సంస్థ విల్లోబ్రూక్‌లో జరుగుతున్న ఘోరం 1972లో టీవీలో బయటపడింది, 1975లో కోర్టు ఒప్పందం కుదిరింది, సంస్థ పూర్తిగా మూతపడింది 1987లో. అక్కడున్నవాళ్లని ఒక్కసారిగా వీధిలో పడేయలేదు. చిన్న చిన్న ఇళ్లు సిద్ధం చేసుకుంటూ మార్చారు. రిసీవర్ వస్తే అన్నీ బాగుపడతాయని ఆ అనుభవం చెప్పదు. రిసీవర్‌కి గడువు, లెక్క, పైన కన్ను ఉండాలని చెబుతుంది. కోర్టు పంపిన మనిషి కొత్త యజమానిలా స్థిరపడిపోతే పాత జబ్బు మళ్లీ మొదలవుతుంది. పెద్ద హోంని బాగుచేయడంతో పని అయిపోదు. మన చట్టం ఐదో సెక్షన్ చెప్పినట్టు, మనుషులు తమ ఇష్టంతో ఊళ్లో పదిమంది మధ్య బతికే చిన్న ఇళ్ల దాకా ఆ దారి వెళ్లాలి.

మన సుప్రీంకోర్టు ఆ దారిలో అడుగులు వేసింది. చండీగఢ్‌లోని ప్రభుత్వ ఆశ్రమంలో మేధో వైకల్యం ఉన్న అనాథ యువతి గర్భవతి అయిన కేసులో, ఆమె ఇష్టానికి విరుద్ధంగా గర్భస్రావం చేయించకూడదని 2009లో తీర్పు చెప్పింది. ఆశ్రమంలో ఉన్నంత మాత్రాన మనిషి ఇష్టం చెల్లకుండా పోదని దాని అర్థం. ఆశా కిరణ్ గురించి మొదలైన కేసులోనే 2025 సెప్టెంబరులో, దేశంలోని ఇలాంటి సంస్థల పరిస్థితిని పరిశీలించే పనిని ఎనిమిది జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు అప్పగించింది. మంచి ఆదేశం. అయితే పరిశీలన అయ్యాక ఫలానా హోం పనికిరాదని తేలిన రోజున ఏం చేస్తారు? మళ్లీ వ్యాన్ తెస్తారా? ఆ రోజుకి జవాబు ఇప్పుడే సిద్ధం చేసుకోవాలి.

జవాబుకి కావలసినవన్నీ నీ దగ్గర ఉన్నాయి. 226వ అధికరణం కింద హైకోర్టుకి విశాలమైన అధికారం ఉంది. తమను తాము కాపాడుకోలేనివాళ్లకి తల్లీతండ్రీ స్థానంలో నిలబడే అధికారం కూడా మన రాజ్యాంగ న్యాయస్థానాలకి ఉంది. 2016 చట్టం కింద రూల్స్ రాసుకునే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. ఆ రూల్స్‌లోకి, లేదా హైకోర్టు ఆదేశంలోకి, కొన్ని మాటలు చేరాలి. హోం చెడిందని తేలితే మొదటి ఆదేశం తాళం కాకూడదు, బాధ్యుడి మార్పు కావాలి. రిసీవర్‌గా వచ్చే మనిషికి వైకల్యం ఉన్నవాళ్లతో పనిచేసిన అనుభవం ఉండాలి. ఖాళీగా ఉన్న ఏ వకీలుకో, రిటైరైన ఏ అధికారికో మొక్కుబడిగా ఇచ్చే పని కాదిది. మొదటి రోజు పంచనామాలో మంచాల కంటే ముందు మనుషులు రావాలి. ఎవరికి ఏ మందు ఏ వేళకి, ఎవరు ఏం తింటారు, ఎవరు దేనికి భయపడతారు, ఎవరిని చూస్తే నవ్వుతారు అన్నవన్నీ ఆయాల నోటి నుంచి విని రాయాలి. దోషుల్ని తప్పించాలి, ఆయాల్ని మాత్రం ఉంచాలి. పాత బాకీ జీతాలు కట్టి మరీ ఉంచాలి. ఫీజులకీ విరాళాలకీ విడిగా ఖాతా తెరవాలి. ఇంటద్దె, కరెంటు బిల్లు, కిరాణా మొదటి నెల నుంచే ఆగకూడదు. నెలకోసారి కోర్టుకి నివేదిక వెళ్లాలి, దాని నకలు తల్లిదండ్రులకి ఇవ్వాలి. మాట వచ్చినవాళ్లని మాటతో, రానివాళ్లని బొమ్మలతో, సైగలతో అడిగి తెలుసుకున్నది ఆ నివేదికలో ముందు పేజీలో ఉండాలి. ప్రభుత్వ హోంలకి మినహాయింపు ఉండకూడదు.

డబ్బు ఎక్కడిదని అడగకు, నీ నోట ఆ మాట బాగుండదు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యతకి ఖర్చు పెట్టాలి. నీ కంపెనీలు బళ్లు కట్టిస్తున్నాయి, చెరువులు బాగుచేయిస్తున్నాయి. ఉద్యోగినుల కోసం షీ షటిల్ బస్సులు తిప్పుతున్నాయి. ఇదంతా మెచ్చుకోదగ్గదే. భద్రత కోసం పోలీసులూ కంపెనీలూ కలిసి 2006లోనే సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ పెట్టుకున్నారు. హోంకి రిసీవర్ వచ్చిన తొలి ఆరునెలల ఖర్చు కోసం అలాంటిదే ఒక నిధి పెట్టడం వాళ్లకి భారం కాదు. లెక్కలు రాయడానికి, జీతాల పట్టీ సరిచేయడానికి, మందుల పట్టికని కంప్యూటర్‌లో ఎక్కించడానికి మనుషులు కావాలంటే, ఆ పనులు ప్రపంచానికి చేసిపెట్టేది నీ పిల్లలే కదా. ఖండాంతరాల్లోని బ్యాంకు ఖాతాలో ఒక్క పైసా తేడా వస్తే అర్ధరాత్రి లేచి పట్టుకోగలరు. నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక మనిషికి పూట మందు తప్పితే ఆ సంగతి నీకు తెలియడం లేదు.

నీ గొప్ప చెప్పిన ప్రతి చోటా నీ తప్పు కూడా చెప్పాను. కంపెనీని నిలబెట్టిన రోజున నువ్వు నేర్చుకున్నది హోం దగ్గర మరిచిపోయావు. నేలకి ఇచ్చిన రిసీవర్ని మనుషులకి ఇవ్వలేదు. దేవుడి నైవేద్యం ఆగకూడదన్న నియమం, గంజి కోసం చూసే ముప్పయ్యేళ్ల బిడ్డ విషయంలో గుర్తు రాలేదు. చెట్ల కోసం ఒక్క పూటలో పరుగెత్తిన రిజిస్ట్రార్ ఈ గడప ఎక్కలేదు. ఇవన్నీ అసమర్థుడి తప్పులైతే క్షమించి ఊరుకునేవాణ్ణి. సమర్థుడివి నువ్వు, కాబట్టి క్షమించలేను.

చదివేవాళ్లకి ఒక మాట. మీ ఇంటికి దగ్గర్లో ఇలాంటి హోం ఎక్కడుందో తెలుసుకోండి. పుట్టినరోజు కేకుతో ఒక్కసారి వెళ్లొస్తే సరిపోదు, ముందు చెప్పకుండా మామూలు రోజున వెళ్లండి. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని మర్యాదగా అడగండి. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అడగండి. ఆయా పేరు తెలుసుకోండి, ఆమెకి జీతం సమయానికి వస్తోందో లేదో కనుక్కోండి. తప్పు కనిపిస్తే కలెక్టరుకీ, రాష్ట్ర వికలాంగుల కమిషనరుకీ రాయండి. అవసరమైతే హైకోర్టు ప్రధాన న్యాయమూర్తికి ఉత్తరమే రాయండి, మన కోర్టులు ఉత్తరాలని పిటిషన్లుగా తీసుకున్న సందర్భాలున్నాయి. ఆ ఉత్తరంలో హోం మూయించండి అని మాత్రం రాయకండి. నడిపేవాళ్లని మార్చండి, ఉన్నవాళ్లని ఉన్నచోటే ఉంచండి అని రాయండి.